బావగారి కారు డోర్లు మంచుకి అతుక్కుపోయాయి, లాగితే బీడింగ్ చిరిగింది. ఏం చెయ్యాలి?

జయపురం చిన్నోడు (డిసెంబర్ 28, ఉదయం 11:40)

అందరికీ నమస్కారం. ఇది చదివి నవ్వుతారని తెలుసు. అయినా అడగక తప్పడం లేదు.

నిన్న నేనూ, నా స్నేహితులు ముగ్గురూ ఒడిశాలో మన కోరాపుట్ వైపు ఉన్న దేవమాలి కొండకి వెళ్ళాం. కారు నాది కాదు, మా బావగారిది. తొమ్మిదేళ్ళ పాత హ్యాచ్‌బ్యాక్. పాతదే గానీ ఆయన దాన్ని కొడుకులా చూసుకుంటారు. శిఖరానికి కాస్త కింద, బయలు ప్రదేశంలో గుడారం వేసుకుని పడుకున్నాం. పొద్దున్న ఐదున్నరకి లేచి చూస్తే కారంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. ఫొటోలు తీసుకుని మురిసిపోయాం. ఆ మురిపెం అక్కడితో సరి.

రిమోట్ నొక్కితే లాకు తీసిన చప్పుడు వస్తోంది, హ్యాండిల్ కదులుతోంది, డోరు మాత్రం రావడం లేదు. ఇద్దరం కలిసి లాగాం. చర్రుమని వచ్చింది. చూస్తే పై మూల దగ్గర బీడింగ్ (డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) జానెడు మేర చిరిగి, డోరు రేకుకి అంటుకుని వేలాడుతోంది. సరే, లోపల కూర్చుని ఎడమ వైపు అద్దం దింపుదామని స్విచ్ నొక్కాను. దిగలేదు. ఇంకో నాలుగైదు సార్లు నొక్కాను. టక్కుమని ఏదో విరిగింది. ఇప్పుడు ఆ అద్దం తలుపు లోపలికి జారిపోయి పైకి రావడం లేదు.

బావగారు విశాఖ నుంచి జనవరి 2న వస్తున్నారు. అప్పటిలోగా ఏం చెయ్యగలను? అసలు మన వైపు ఇలా అవుతుందా?

ఘాట్ రోడ్ గణపతి (డిసెంబర్ 28, మధ్యాహ్నం 12:05)

తమ్ముడూ, సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్‌కి పద్నాలుగేళ్ళుగా టాక్సీ తిప్పుతున్నాను. పొగమంచుకి ముందు బండి కనబడక ఘాట్‌లో గంటలు గంటలు ఆగిపోయిన రోజులున్నాయి గానీ, డోరు అతుక్కుపోవడం మాత్రం చూడలేదు. ఇది కశ్మీరు కాదు. బీడింగ్ పాతబడి జిగురెక్కి ఉంటుంది, దానికి మంచు పేరు పెట్టకు.

దమన్‌జోడి మాష్టారు (డిసెంబర్ 28, మధ్యాహ్నం 12:50)

గణపతిగారి అనుమానం సహేతుకమే. కానీ కుర్రాడు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ముప్పయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

కోరాపుట్ పీఠభూమే ఇంచుమించు మూడు వేల అడుగుల ఎత్తు. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తయిన కొండ లేదు. డిసెంబర్ ఆఖర్లో అక్కడ తెల్లవారుజామున గాలి రెండు మూడు డిగ్రీలకి దిగడం వింత కాదు. "రెండు డిగ్రీలంటే సున్నా కాదు కదా, నీళ్ళెలా గడ్డకడతాయి" అని మీరంటారు. మీరు చెప్పేది గాలి లెక్క. వాతావరణ శాఖవారు థర్మామీటర్‌ని నేలకి నాలుగడుగుల ఎత్తున, నీడగా ఉండే తెల్లటి చెక్కపెట్టెలో పెట్టి కొలుస్తారు. మీ కారు ఆ పెట్టెలో లేదు, ఆకాశం కింద ఉంది.

మబ్బు లేని రాత్రి, గాలి ఆడని రాత్రి, రేకూ గాజూ తమలో ఉన్న వేడిని ఆకాశం వైపు వదిలేస్తూనే ఉంటాయి. మబ్బుంటే అది దుప్పటిలా ఆపి కొంత తిరిగి పంపుతుంది. లేకపోతే పోయిన వేడి పోయినట్టే. అలా కారు పైకప్పూ ముందద్దమూ చుట్టూ ఉన్న గాలి కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. గాలి 2 దగ్గరున్నా రేకు సున్నాకి కిందికి పోతుంది. దాని మీద పడ్డ మంచు అక్కడికక్కడే గడ్డకడుతుంది. అందుకే చెట్టు కింద పెట్టిన బండి మీద ఏమీ ఉండదు, పది అడుగుల అవతల బయట పెట్టిన బండి తెల్లగా ఉంటుంది. ఘాట్‌లో గణపతిగారు చూసేది పొగమంచు. పొగమంచున్న రాత్రి అదే దుప్పటి అవుతుంది కాబట్టి గడ్డకట్టే బెడద తక్కువ.

ఘాట్ రోడ్ గణపతి (డిసెంబర్ 28, మధ్యాహ్నం 1:10)

మాష్టారూ, నా బండి రాత్రిళ్ళు రేకుల షెడ్డులో ఉంటుంది. ఇన్నాళ్ళూ అందుకే చూడలేదన్నమాట. సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

సిమిలిగుడ షెడ్డు (డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:30)

మాది సాలూరు, ఇరవై ఏళ్ళ క్రితం సిమిలిగుడ వచ్చి షెడ్డు పెట్టుకున్నాం. మాష్టారు చెప్పింది నిజం. ప్రతి చలికాలం రెండు మూడు బండ్లు ఇలాగే వస్తాయి, అన్నీ పిక్నిక్ బండ్లే.

నేను వచ్చిన కొత్తలో ఒక తమాషా జరిగింది. ఇక్కడి కుర్రాడు పనికి వచ్చి "అన్నా, కారు మీద కాకొరొ పడింది" అన్నాడు. కాకరకాయలు ఎవరు పడేశారురా అని బయటికి పోయి వెతికాను. ఒడియాలో కాకొరొ అంటే రాత్రి కురిసే మంచు. ఇప్పటికీ ఆడు నన్ను చూసి నవ్వుతాడు.

ఇక పని సంగతి. అద్దం విరగలేదు, దాన్ని ఎక్కించే దించే మిషన్‌లో ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. అద్దం రబ్బరు గాడిలో గడ్డకట్టి పట్టుకుని ఉంటే, కింద నుంచి మోటారు లాగుతుంది. రెంటిలో ఏది బలహీనమైతే అది పోతుంది. ఎప్పుడూ క్లిప్పే పోతుంది. ఒక్కోసారి తీగ తెగుతుంది. అంతవరకు నువ్వు అదృష్టవంతుడివి. స్విచ్ ఒకసారి నొక్కితే అద్దం కదలకపోతే అక్కడితో వదిలెయ్యాలి. నాలుగైదు సార్లు నొక్కకూడదు.

ఒక ప్రశ్న. ఆ ముందు రోజు వాన గానీ పడిందా? లేక బండి కడిగారా? మంచు ఒక్కటే అయితే పైపైన ఉంటుంది. బీడింగ్ చిరిగేంతగా పట్టిందంటే రబ్బరుకీ రేకుకీ మధ్య నీళ్ళు నిలిచి ఉండాలి.

జయపురం చిన్నోడు (డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:45)

వాన పడలేదండి.

బరంపురం పిన్ని (డిసెంబర్ 28, సాయంత్రం 4:15)

నాయనా, ఇంత గొడవెందుకు? రబ్బరుకి కొబ్బరినూనె రాసి ఉంచితే ఏదీ అంటుకోదు. మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ గాస్కెట్‌కి నేను అదే రాస్తాను. అంటుకుంటే వేణ్ణీళ్ళు ఒక చెంబుడు పొయ్యి, ఊడొస్తుంది.

సిమిలిగుడ షెడ్డు (డిసెంబర్ 28, సాయంత్రం 4:30)

పిన్నిగారూ, మీ బరంపురంలో సముద్రపు గాలి. మా దగ్గర డిసెంబర్‌లో కొబ్బరినూనె సీసా లోపల తెల్లగా గడ్డగా ఉంటుంది, వేలు పెట్టి తవ్వుకోవాలి. 24 డిగ్రీలకే గట్టిపడిపోయే నూనె సున్నా దగ్గర ఏం కాపాడుతుంది? కుక్కర్‌కి సరే.

బరంపురం పిన్ని (డిసెంబర్ 28, సాయంత్రం 4:40)

అది నిజమే సుమా. అయితే ఆముదం?

సిమిలిగుడ షెడ్డు (డిసెంబర్ 28, సాయంత్రం 4:52)

ఆముదం గడ్డకట్టదు గానీ జిడ్డు. మన రోడ్ల ఎర్రదుమ్ము మొత్తం దానికే అంటుకుంటుంది. నెలకల్లా బీడింగ్ గరుకు కాగితంలా తయారవుతుంది.

రాయగడ అమ్మాయి (డిసెంబర్ 28, రాత్రి 9:20)

హాయ్ అందరికీ. పుట్టిల్లు రాయగడ, ఉంటున్నది కెనడాలో కాల్గరీ. ఇక్కడ -30 మామూలే. డోర్లు గడ్డకట్టడంలో మాకు డాక్టరేట్ ఇవ్వొచ్చు కాబట్టి నా వంతు చెప్తాను.

వేడినీళ్ళు మాత్రం వద్దు పిన్నిగారూ. చల్లటి గాజు మీద ఒక్కసారిగా వేడి పడితే ఒకవైపు సాగుతుంది, ఇంకోవైపు సాగదు, పటేలుమంటుంది. ముందద్దానికి ఇంతకుముందే చిన్న రాయి దెబ్బ ఉంటే చెప్పనక్కర్లేదు, ఆ చుక్క దగ్గర మొదలై గీత అటునుంచి ఇటు పాకుతుంది. అద్దం పగలకపోయినా, పోసిన నీళ్ళు కిందికి జారి తాళం లోపలా డోరు అడుగునా మళ్ళీ గడ్డకడతాయి. వచ్చిన కొత్తలో మా ఆయన చేసిన పని ఇదే. ఆ రోజు మేం బస్సులో వెళ్ళాం.

అంటుకున్న డోరుని లాగకూడదు, ముందు లోపలికి తొయ్యాలి. అరచేతులు ఆనించి, లేదా తుంటితో, డోరు అంచుల వెంబడి గట్టిగా ఒత్తుతూ రావాలి. పైన, పక్కన, కింద. లోపల ఉన్న పలచటి మంచుపొర చిట్లిన చప్పుడు మీకే వినపడుతుంది. ఆ తర్వాత మెల్లగా తీస్తే వస్తుంది. రాకపోతే మిగతా డోర్లు చూడాలి, నాలుగూ ఒకేలా అంటుకోవు. హ్యాచ్‌బ్యాక్ అన్నారు కదా, డిక్కీ ప్రయత్నించారా?

ఇంకో సంగతి. మాకు డోర్లు ఎక్కువగా పట్టేది బాగా చలిగా ఉన్న రోజున కాదు. ఇక్కడ చినూక్ అని వెచ్చటి గాలి వస్తుంది, కొన్ని గంటల్లోనే మంచంతా కరిగి నీరవుతుంది. ఆ రాత్రి మళ్ళీ చలి పడితే, కరిగిన నీళ్ళు రబ్బరు మడతల్లో గడ్డకడతాయి. లేకపోతే ఎవరైనా కారు వాష్ చేయించిన మర్నాడు. అందుకే షెడ్డుగారు అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతున్నాను. కడిగారా?

జయపురం చిన్నోడు (డిసెంబర్ 28, రాత్రి 9:50)

డిక్కీ చూడలేదండి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

కడిగాను. మధ్యాహ్నం అడిగినప్పుడు చెప్పలేదు, తప్పు నాదని తేలిపోతుందని. ఘాట్ ఎక్కేసరికి బండంతా ఎర్రదుమ్ము. బావగారు ఊళ్ళో లేనప్పుడు తీశాను కదా, ఫొటోల్లో అయినా శుభ్రంగా కనబడాలని సాయంత్రం నాలుగింటికి పొట్టంగి దగ్గర పైపు పెట్టి కడిగించాను. డోర్లు తీసి అంచులు కూడా కడిగించాను, అక్కడ మట్టి ఉందని. తుడవలేదు. గాలికి ఆరిపోతుందనుకున్నాను.

దమన్‌జోడి మాష్టారు (డిసెంబర్ 28, రాత్రి 10:05)

నాలుగింటికి కడిగి, ఆరింటికి కొండ మీద పెట్టావు. నిందితుడు తనంతట తానే ఒప్పుకున్నాడు గనక కేసు కొట్టివేస్తున్నాం.

నీరు గడ్డకట్టేటప్పుడు పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. రబ్బరు మడతలో ఉన్న నీరు ఉబ్బి రబ్బరునీ రేకునీ రెంటినీ గట్టిగా పట్టుకుంటుంది. నువ్వు లాగినప్పుడు మంచు విరగలేదు, దానికంటే బలహీనమైన తొమ్మిదేళ్ళ రబ్బరు చిరిగింది. గణపతిగారు సగం వెనక్కి తీసుకున్నారు కదా, ఆ మిగిలిన సగం ఇక్కడ పనికొస్తుంది. పాత రబ్బరు కావడం కూడా కారణమే.

ఘాట్ రోడ్ గణపతి (డిసెంబర్ 28, రాత్రి 10:10)

చూశారా!

పర్లాకిమిడి హవల్దార్ (డిసెంబర్ 29, ఉదయం 6:15)

జై హింద్. ఫౌజులో ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేశాను, అందులో రెండు విడతలు లడాఖ్ వైపు. ఇప్పుడు ఇంటి దగ్గర జీడితోట చూసుకుంటున్నాను.

చిన్నోడా, బండి కడగడం తప్పు కాదు, ఆరకుండా నిలబెట్టడం తప్పు. మేం నీళ్ళలోంచి బండి తెస్తే పది నిమిషాలు నడిపి, నాలుగు తలుపులూ రెండు మూడు సార్లు తీసి వేసి, గుడ్డతో రబ్బరు తుడిచిగానీ పార్కు చేసేవాళ్ళం కాదు. మా ఉస్తాద్ ఇంకో అలవాటు నేర్పాడు. పార్కు చేశాక వైపరు పుల్లలు పైకి ఎత్తి పెట్టాలి, స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. పొద్దున్న తాళం తిప్పగానే అద్దానికి అతుక్కున్న వైపర్లు తిరగబోతే మోటారు కాలుతుంది, లేదా రబ్బరు ఊడొస్తుంది.

చలి ప్రదేశాల్లో హ్యాండ్‌బ్రేకు కూడా వెయ్యం. తడి ఉంటే బ్రేకు పట్టుకున్నచోటే గడ్డకట్టి ఊడదు. గేర్‌లో వదిలి చక్రాలకి రాళ్ళు పెట్టడమే. దేవమాలిలో అంత అవసరం లేదు. ఏటవాలులో రాయి లేకుండా హ్యాండ్‌బ్రేకు వదిలితే బావగారి కారు లోయలో వెతుక్కోవాలి.

సునాబెడ శీను (డిసెంబర్ 29, ఉదయం 8:40)

మంచి చర్చ. మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. మేం జనవరి ఆఖర్లో ఢిల్లీ దాకా రైల్లో పోయి అక్కడ బండి అద్దెకి తీసుకుని హిమాచల్‌లోని స్పితి వెళ్దామనుకుంటున్నాం. డీజిల్ బండి. అటల్ టన్నెల్ ఉంది కదా, మనాలి మీదుగా పోవచ్చా? ఏం సర్దుకోవాలి?

పర్లాకిమిడి హవల్దార్ (డిసెంబర్ 29, ఉదయం 9:30)

టన్నెల్ 2020లో తెరిచారు, 9 కిలోమీటర్లకి కాస్త పైన పొడవు. అది రోహ్‌తాంగ్ కనుమని తప్పిస్తుంది, లాహౌల్ చేరుస్తుంది. స్పితికి ఆ పైన కుంజుమ్ కనుమ దాటాలి, చలికాలం అది మూతే. సిమ్లా, కిన్నౌర్ వైపు నుంచి పోవాలి. పోయేముందు రోజూ రోడ్డు సంగతి కనుక్కుంటూ ఉండాలి.

డీజిల్ గురించి అడిగావు, మంచి పని చేశావు. మామూలు డీజిల్‌లో ఉన్న మైనం బాగా చలికి గడ్డలు కట్టి ఫిల్టర్ దగ్గర అడ్డం పడుతుంది. లడాఖ్ కోసమే 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ళు -33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చారు. అంతకుముందు మావాళ్ళు డీజిల్‌లో కిరసనాయిలు కలిపేవాళ్ళు. మీ కొత్త ఇంజన్లలో అది చెయ్యకండి, పంపు పాడవుతుంది. ఢిల్లీలో నింపిన ట్యాంకుతో పైకి ఎక్కకుండా, దారిలో కొండ ఊళ్ళ బంకుల్లో నింపుకుంటూ పోండి.

రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు ఉన్నాయేమో ముందే చూసుకోండి. మన వేడి ప్రాంతాల్లో కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్ళు పొయ్యడం అలవాటు. అక్కడ అది గడ్డకట్టి ఉబ్బితే ఇంజన్ పగులుతుంది. సగం సగం కలిపిన కూలెంట్ అయితే -35 దాకా భయం లేదు. వైపరు నీళ్ళ డబ్బాలో కూడా ఉత్త నీళ్ళు ఉంచొద్దు.

అన్నిటికంటే ముఖ్యం ఇది. చలి వేస్తోందని బండి ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసి, హీటర్ వేసుకుని పడుకోవద్దు. మంచు వెనక సైలెన్సర్ మూసేస్తే పొగ లోపలికి వస్తుంది. ఆ విషవాయువుకి వాసన ఉండదు. దాని సంగతి నేను చూసినవాణ్ణి, ఇంతకంటే చెప్పను.

సునాబెడ శీను (డిసెంబర్ 29, ఉదయం 9:45)

థాంక్యూ సార్. నోట్ చేసుకున్నాను.

గుణుపురం బాబు (డిసెంబర్ 29, మధ్యాహ్నం 12:20)

నాదో సందేహం. సారా మంచుని కరిగిస్తుందంటారు కదా. మన దగ్గర ఇప్పసారాకి కొదవేముంది? సీసాడు పోస్తే డోరు రాదా? సీరియస్‌గానే అడుగుతున్నా.

దమన్‌జోడి మాష్టారు (డిసెంబర్ 29, మధ్యాహ్నం 12:45)

సీరియస్‌గానే చెప్తాను. నీటిలో ఆల్కహాల్ కలిసేకొద్దీ గడ్డకట్టే చోటు కిందికి దిగుతుంది. బజారులో దొరికే 42.8 శాతం విస్కీ -20లో పెట్టినా గడ్డకట్టదు. ఇప్పసారా బలం కాసినవాడి చేతిని బట్టి ఉంటుంది, దాన్ని నమ్మలేం. అదీకాక దానిలో తీపీ మడ్డీ ఉంటే రబ్బరుకి జిగురు పడుతుంది, చీమలు పడతాయి.

మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ అడగండి. రెండు వంతులు స్పిరిట్, ఒక వంతు నీళ్ళు కలిపి స్ప్రే సీసాలో పొయ్యండి. అద్దం మీద, డోరు సందులో కొడితే రెండు నిమిషాల్లో మంచు మెత్తబడి జారుతుంది. పాత ఏటీఎం కార్డుతో గీకేయొచ్చు. స్టీలు స్కేలు, కత్తి వద్దు. వెనకద్దం లోపలివైపు సన్నటి తీగలుంటాయి, అక్కడ ఏదీ గీకొద్దు. ఇది మండే సరుకు, దగ్గర్లో సిగరెట్ ఉండకూడదు.

రాయగడ అమ్మాయి (డిసెంబర్ 29, రాత్రి 8:55)

మాష్టారు చెప్పిన స్ప్రే సీసా నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే కారులో కాదు, హ్యాండ్‌బ్యాగులో. కారులో పెట్టి తాళం వేస్తే ఇంకేం లాభం? కరోనా నాటి శానిటైజర్లు ఇంట్లో మిగిలి ఉంటే అవీ పనికొస్తాయి. నీళ్ళలా ఉన్నది మంచిది, జెల్ వద్దు.

తాళం రంధ్రంలోకి నోటితో ఊదకండి. అందరూ చేసే పనే, ఊపిరిలో తేమ అక్కడే గడ్డకడుతుంది. తాళంచెవికి కాస్త శానిటైజర్ రాసి పెట్టి, నిమిషం ఆగి తిప్పండి. లైటర్‌తో కాల్చే వీడియోలు చూసి మోసపోవద్దు. ఇప్పటి తాళంచెవుల తలలో చిప్ ఉంటుంది, అది కాలితే బండి స్టార్ట్ కాదు.

గుణుపురం బాబు (డిసెంబర్ 29, రాత్రి 9:15)

మా ఊళ్ళో ఒకాయన డోరు కింద కుంపటి పెట్టమంటున్నాడు, నిప్పులతో.

నిర్వాహకుడు (డిసెంబర్ 29, రాత్రి 9:25)

కుంపటి సలహా ఇక్కడితో ఆపండి. కింద పెట్రోలు పైపులున్నాయి. ఎవరూ ప్రయత్నించవద్దు, సరదాకి కూడా.

బరంపురం పిన్ని (డిసెంబర్ 29, రాత్రి 9:40)

ఆ ఒకాయన చేతికి అగ్గిపెట్టె ఇవ్వకండి. ఇంతకీ రబ్బరుకి ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. గ్లిజరిన్ రాయొచ్చా? పెదాలకి రాసేది.

సిమిలిగుడ షెడ్డు (డిసెంబర్ 30, ఉదయం 7:10)

ఈసారి పిన్నిగారిదే పైచెయ్యి. గ్లిజరిన్ రబ్బరుని పాడుచెయ్యదు, మెత్తగా ఉంచుతుంది, తొందరగా గడ్డకట్టదు. పలచగా గుడ్డతో రాయాలి, కారకూడదు. కానీ వానకీ కడిగినప్పుడూ పోతుంది. ఎక్కువ రోజులుండాలంటే సిలికాన్ స్ప్రే. దాన్ని గుడ్డ మీద కొట్టి రాయాలి, నేరుగా డోరు మీద కొడితే సీట్లూ అద్దాలూ జిడ్డవుతాయి. పొరపాటున కూడా గ్రీజు, ఇంజనాయిల్, తుప్పుకి కొట్టే స్ప్రే బీడింగ్‌కి రాయొద్దు. పెట్రోలియం నూనెలకి ఆ రబ్బరు ఉబ్బి వదులవుతుంది. తర్వాత వానాకాలంలో నీళ్ళు లోపలికి కారతాయని నా దగ్గరికే వస్తారు. నాకు లాభమే అనుకోండి.

ఇంకోటి ఎవరూ చూడరు. ప్రతి డోరు అడుగు అంచున రెండు మూడు చిన్న రంధ్రాలుంటాయి. అద్దం సందులోంచి దిగిన నీళ్ళు బయటికి పోయే దారి అది. మట్టీ ఆకులూ పడి మూసుకుపోతే నీళ్ళు డోరు కడుపులోనే నిలుస్తాయి. చలికి గడ్డ, వేసవికి తుప్పు. వైరు ముక్క పెట్టి పొడిస్తే చాలు. ఈ చిన్నోడి బండి నా దగ్గరికి నిన్న సాయంత్రం వచ్చింది, మూడు డోర్లలో రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. ఎడమ డోరు లోంచి అర గ్లాసు నీళ్ళు కారాయి.

జయపురం చిన్నోడు (డిసెంబర్ 30, ఉదయం 10:30)

అవును, నిన్న షెడ్డుకి తీసుకెళ్ళాను. కొత్త బీడింగ్ వేశారు. అద్దం ఎత్తి లోపల చెక్కముక్క పెట్టి ప్రస్తుతానికి ఆపారు, క్లిప్పు విజయనగరం నుంచి రావాలట. డబ్బులెంతయ్యాయో ఇక్కడ రాయను, మా ఇంట్లోవాళ్ళు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. బావగారికి ముందే చెప్పాలా వద్దా? కొత్త బీడింగ్ పాతదానికంటే నల్లగా మెరుస్తోంది. తెలిసిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఘాట్ రోడ్ గణపతి (డిసెంబర్ 30, ఉదయం 10:45)

చెప్పెయ్. తొమ్మిదేళ్ళు ఒకే బండి వాడినోడికి డోరు వేసిన చప్పుడు మారినా తెలుస్తుంది.

పర్లాకిమిడి హవల్దార్ (డిసెంబర్ 30, ఉదయం 11:20)

చెప్పు. అయితే ఫోన్‌లో కాదు, ఎదురుగా, ఆయన భోంచేశాక.

కోరాపుట్ కల్యాణి (డిసెంబర్ 30, మధ్యాహ్నం 3:00)

నాకు డోర్ల బాధ లేదు గానీ లోపలి అద్దం మసకబారడమే పెద్ద తలనొప్పి. పిల్లల్ని ఆరున్నరకి బడికి దింపాలి. చేత్తో తుడుస్తుంటే ఇంకా అలుక్కుపోతోంది. అది కూడా మంచేనా?

దమన్‌జోడి మాష్టారు (డిసెంబర్ 30, మధ్యాహ్నం 3:25)

కాదమ్మా, అది మీ ఊపిరి. లోపలి తేమ చల్లటి అద్దానికి తగిలి నీటి చుక్కలవుతోంది. ఏసీ ఆన్ చేసి, గాలిని వేడి వైపు తిప్పి, ముందద్దం మీదికి వదలండి. చలికాలంలో ఏసీ ఏమిటని అనుకోకండి, గాలిలో తేమ తీసేది అదే. బయటి గాలి లోపలికి వచ్చేలా ఆ బటన్ మార్చండి, లోపలి గాలే తిరుగుతుంటే తేమ ఎక్కడికీ పోదు. కాళ్ళ కింద మ్యాట్లు తడిగా ఉంటే రాత్రి ఇంట్లో ఆరేయండి. రెండు నిమిషాల్లో తేటపడుతుంది.

కోరాపుట్ కల్యాణి (డిసెంబర్ 31, ఉదయం 7:05)

పనిచేసింది మాష్టారూ! ఇన్నాళ్ళూ అద్దాలు దించి, పిల్లలకి మఫ్లర్లు చుట్టి తీసుకెళ్తున్నాను.

జయపురం చిన్నోడు (జనవరి 17, ఉదయం 9:30)

పండగ హడావుడిలో ఆలస్యమైంది. అందరూ అడుగుతున్నారు కాబట్టి జరిగింది చెప్తాను.

బావగారు 2న వచ్చారు. భోజనం అయ్యాక చెబుదామని హవల్దార్‌గారి మాట ప్రకారం ఆగాను. ఆయన భోజనానికి ముందే తాళాలు తీసుకుని కారు దగ్గరికి వెళ్ళారు. డోరు తీశారు, వేశారు. బీడింగ్ వైపు చూడనేలేదు. లోపల కూర్చుని గాలి పీల్చారు. దిగి, మా అక్కని పక్కకి పిలిచి ఏదో చెప్పారు. అక్క వచ్చి నా మొహంలోకి చూసి, "నువ్వు మందు తాగడం ఎప్పట్నుంచిరా?" అంది.

సర్జికల్ స్పిరిట్ సీసా సీటు కింద పడిపోయి మూత వదులై, సగం కారిపోయింది. కారంతా అదే వాసన. నేను తాగలేదు, అద్దాలకి కొట్టడానికి తెచ్చాను అంటే, "కోరాపుట్‌లో అద్దాలకి సారా ఎందుకురా" అని మా అమ్మ కూడా వచ్చి చేరింది. ఆఖరికి ఈ చర్చ మొత్తం మొదట్నుంచీ బావగారికి చదివి వినిపించాను. కాకొరొ దగ్గర నవ్వారు. నేను కడిగించానని ఒప్పుకున్న చోట నవ్వలేదు. అంతా విని, "డిక్కీ తెరిచి ఉండాల్సింది" అన్నారు. అంతే. తాళాలు మాత్రం ఇప్పుడు ఆయన జేబులో ఉంటున్నాయి.

భోగి నాడు అందరం కలిసి సిమిలిగుడ వచ్చాం. రాత్రి కారు పనసచెట్టు కింద పెట్టి, ముందద్దం మీద అట్టముక్క కప్పి, వైపర్లు ఎత్తి పెట్టారు బావగారే. పొద్దున్న పక్కింటి వాళ్ళ బండి తెల్లగా ఉంది, మాది పొడిగా ఉంది.

బరంపురం పిన్ని (జనవరి 17, ఉదయం 10:10)

స్పిరిట్ బదులు నా గ్లిజరిన్ పెట్టుకుని ఉంటే ఈ అప్రతిష్ఠ వచ్చేదా?

సునాబెడ శీను (జనవరి 17, ఉదయం 10:40)

మేం 24న బయల్దేరుతున్నాం. స్పిరిట్ సీసా రెండు కవర్లలో చుట్టి పెట్టాలన్నమాట.

పర్లాకిమిడి హవల్దార్ (జనవరి 17, ఉదయం 11:05)

రైల్లో స్పిరిట్ తీసుకెళ్ళకూడదు శీనూ, మండే సరుకు. సిమ్లాలో కొనుక్కో.

సిమిలిగుడ షెడ్డు (జనవరి 17, మధ్యాహ్నం 12:30)

చిన్నోడా, విజయనగరం నుంచి క్లిప్పు వచ్చి వారమైంది. ఎడమ డోరులో ఇంకా నా చెక్కముక్కే ఉంది, ఆ అద్దం దింపొద్దని బావగారికి చెప్పావా? ఆదివారం పొద్దున్న పదిలోపు తీసుకురా. కడిగి మాత్రం తేకు.